పిట్స్‌బర్గ్‌లో అన్నిటికన్నా నిటారు వీధి ఏది? విన్నది కాదు, కొలిచింది చెప్పండి

మూడునదుల_మురళి

అందరికీ నమస్తే. వచ్చే నెల అమ్మానాన్న ఇక్కడికి వస్తున్నారు. నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు, సర్వీసులో సగం ఘాట్ సెక్షన్‌లోనే గడిచింది. మొన్న ఫోన్‌లో మాట్లాడుతుంటే, "మీ ఊళ్లో రోడ్లన్నీ అప్పులూ డౌన్లేనంటగా, అన్నిట్లోకీ పెద్దది ఏదో అది చూపించు, మిగతావి తర్వాత చూద్దాం" అన్నారు. నేను వెంటనే కాంటన్ అవెన్యూ, 37 శాతం వాలు అనేశాను. పక్కనే ఉన్న రూమ్మేట్ ఒప్పుకోడే! 37 శాతం అనేది ఒకళ్లని చూసి ఒకళ్లు రాసుకున్న అంకె, దాన్ని మించిన సందు ఏదో ఈ ఊళ్లో కచ్చితంగా ఉంటుందంటాడు.

ఇక్కడ పిట్స్‌బర్గ్ వాళ్లు చాలామందే ఉన్నారు. కాంటన్‌ని మించింది ఎవరైనా చూశారా? కొలిచారా? "మా ఇంటి ముందు రోడ్డు చూస్తే మతి పోతుంది" లాంటి జవాబులు వద్దండీ బాబూ.

సైకిల్‌పిచ్చోడు

మురళి గారూ, వెతుకులాట మొదలయ్యేది ఎలాగూ కాంటన్ దగ్గరే కాబట్టి ముందు దాని సంగతి చెప్తాను. ఉండేది బీచ్‌వ్యూలో. కింద కోస్ట్ అవెన్యూ, పైన హాంప్‌షైర్ అవెన్యూ. వీధి మొత్తం 190 మీటర్ల దాకా ఉంటుంది గానీ అసలు ఎక్కుడు 65 మీటర్లే. అందులో కూడా ఆ పేరున్న 37 శాతం వాలు 6.4 మీటర్ల ముక్కలో మాత్రమే. ఫొటోలు చూసి వీధంతా అలాగే ఉంటుందనుకుని వస్తారు జనం.

ఆ ముక్కలో తారు ఉండదు, రాతి దిమ్మెలు పరిచి ఉంటాయి. ఒక్కో రాయి అంచు కాస్త పైకి తేలి ఉంటుంది, టైరుకి పట్టు దొరికేది అక్కడే. పక్కన ఫుట్‌పాత్ ఉండాల్సిన చోట మెట్లు కట్టేశారు. నడిచేవాళ్లు కూడా రోడ్డు మీద నడవలేరని అక్కడే అర్థమైపోతుంది.

ఊళ్లో పోటీకి నిలబడేవి ఇంకొన్ని ఉన్నాయి. ఈస్ట్ హిల్స్‌లో డోర్న్‌బుష్ స్ట్రీట్ దాదాపు 32 శాతం, బీచ్‌వ్యూలోనే బౌస్టెడ్ స్ట్రీట్ 29. ట్రాయ్ హిల్‌కి ఎక్కే రియాల్టో స్ట్రీట్ 24 శాతమే గానీ పొడుగ్గా, సన్నగా, నేరుగా ఉండటంతో కింద నుంచి చూస్తే దాన్నే అందరూ మొదటిదనుకుంటారు. దాన్ని పిగ్ హిల్ అంటారు. ఒకప్పుడు నదిలోని లంక మీద రైలు దింపిన పందుల్ని ఆ రోడ్డునే పైనున్న కబేళాలకు తోలుకెళ్లేవారు. 24 శాతం అప్పులో పందుల మందని తోలిన ఆ మనుషులకి దండం పెట్టాలి.

ఓరుగల్లు_పోరడు

అన్నా, ఒక్క డౌట్. 37 శాతం అంటే 37 డిగ్రీలేనా? మా ఆఫీస్‌ల నలుగురం కూసుండి దీని మీద కొట్టుకున్నం. ఒకడైతే 100 శాతం అంటే గోడ లెక్క నిలువుగ ఉంటదంటడు.

గొలుసు_కొలత

కాదు నాయనా. నేను ఆర్ అండ్ బీలో ముప్పై ఏళ్లు సర్వే చేసినవాణ్ని, ఇప్పుడు అమ్మాయి దగ్గర క్లీవ్‌లాండ్‌లో ఉంటున్నాను. అడిగావు కాబట్టి చెప్తాను.

శాతం అంటే అడ్డంగా 100 అడుగులు ముందుకెళ్తే పైకి ఎన్ని అడుగులు ఎక్కావన్నది. 100కి 100 ఎక్కితే అది 45 డిగ్రీలు, గోడ కాదు. 37 శాతం అంటే 20 డిగ్రీల పైచిలుకు. వినడానికి తక్కువగా ఉంటుంది. అక్కడ ఒక మామూలు సెడాన్ నిలబెట్టి చూడండి, వెనక బంపరు కన్నా ముందు బంపరు సుమారు అయిదున్నర అడుగులు పైన ఉంటుంది.

మన దగ్గర ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) నిబంధనల్లో కొండ రోడ్డుకి కూడా మామూలుగా 5, 6 శాతానికి మించనివ్వరు. ఇంక గత్యంతరం లేదంటేనే 8 దాకా వెళ్తాం, అదీ కొద్ది దూరానికే. ఘాట్ రోడ్డు అన్ని మెలికలు తిరిగేది అందుకే, వాలు తగ్గించడానికి దూరం పెంచుతాం. మురళి గారి నాన్నగారు ఇన్నేళ్లు నడిపిందల్లా ఆ 8 లోపలి రోడ్లే. 37 చూస్తే ఆయనేమంటారో వినాలనుంది.

బేఏరియా_బుల్లోడు

పిట్స్‌బర్గ్ సోదరులు క్షమించాలి. మా శాన్‌ఫ్రాన్సిస్కోలో బెర్నల్ హైట్స్‌లో బ్రాడ్‌ఫర్డ్ స్ట్రీట్ ఉంది, టామ్‌కిన్స్ దాటాక 41 శాతం. చర్చ ముగిసింది. 😄

ఇంకో మాట. మా ఊరొచ్చిన చుట్టాలందరూ లాంబార్డ్ దగ్గరే ఫొటో దిగి "ప్రపంచంలోనే నిటారు వీధి" అని స్టేటస్ పెడతారు. అది వంకర వీధి, నిటారు వీధి కాదు. అసలు కొండ వాలు 27 శాతం, కార్లు ఎక్కలేకపోతున్నాయని 1922లో ఎనిమిది మలుపులు పెట్టి 16 శాతానికి తెచ్చారు. ఇందాక మాస్టారు చెప్పిన ఘాట్ రోడ్డు పద్ధతే, ఊరి మధ్యలో చేశారు. ఫిల్బర్ట్ స్ట్రీట్‌లో హైడ్‌కీ లెవన్‌వర్త్‌కీ మధ్య ముక్క 31.5 శాతం, చుట్టాల్ని అక్కడికి తీసుకెళ్లండి. నేను వాళ్లనే డ్రైవ్ చేయమంటా, మళ్లీ నా బండి ఎక్కమని అడగరు.

సైకిల్‌పిచ్చోడు

బుల్లోడు గారూ, ఆ 41 శాతం ఎంత దూరం? ఒక చిన్న తునక. మా 37 కూడా తునకే అనుకోండి, అది వేరే సంగతి. కానీ "చర్చ ముగిసింది" అనడానికి వీల్లేదు. అయినా శీర్షికలో పిట్స్‌బర్గ్ అని ఉంది.

బేఏరియా_బుల్లోడు

తునక అయినా వీధి వీధే కదా!

దక్షిణద్వీపం

నేను న్యూజిలాండ్‌లోని డునెడిన్ నుంచి రాస్తున్నాను. మీ గొడవ చూస్తే నవ్వొస్తోంది, ఎందుకంటే ఇదే గొడవ మా ఊరు ఒక దేశంతో పెట్టుకుని గెలిచింది.

మా బాల్డ్విన్ స్ట్రీట్ ఎన్నో ఏళ్లు గిన్నిస్‌లో మొదటి స్థానంలో ఉండేది. 2019లో వేల్స్‌లోని హార్లెక్ ఊరివాళ్లు వాళ్ల ఫోర్ద్ పెన్ లెక్ వీధిని 37.45 శాతం అని చూపించి రికార్డు పట్టుకుపోయారు. మా ఊళ్లో వారం రోజులు ఏ టీ కొట్టు దగ్గర చూసినా ఇదే మాట. ఇక్కడి సర్వేయర్ ఒకాయన ఊరుకోలేదు. వాళ్లు ఎక్కడ కొలిచారో చూస్తే, మలుపులో రోడ్డు లోపలి అంచున! వంకరగా ఉన్న వీధిని అంచున కాదు, మధ్య గీత వెంబడి కొలవాలని ఈయన వాదించారు. 2020 ఏప్రిల్‌లో గిన్నిస్ వాళ్లు ఒప్పుకుని రికార్డు వెనక్కిచ్చారు. మధ్య గీత లెక్కన మాది 34.8, వాళ్లది 28.6. అంచు నుంచి మధ్యకి జరిగితే తొమ్మిది శాతం దాకా ఎగిరిపోయింది చూడండి.

వాళ్ల రికార్డు మాటల్లో "10 మీటర్లకు పైగా దూరం" అన్న షరతు కూడా ఉంది. కాబట్టి మీ 6.4 మీటర్ల కాంటన్ ఆ గుమ్మం దాకా రాదు. 🙂

మా వీధి ఇలా తయారవడానికి కారణం కూడా చెప్తాను. ఊరి ప్లాను లండన్‌లో కూర్చుని గళ్లు గళ్లుగా గీశారు. ఇక్కడ కొండ ఉందో లోయ ఉందో చూడలేదు. గీత కొండ మీదికి పోతే వీధీ కొండ మీదికే పోయింది. పైభాగం కాంక్రీటు వేశారు, ఎందుకంటే ఎండెక్కితే తారు కరిగి కిందికి జారుతుంది. ఒకప్పుడు ఏటా జాఫా చాక్లెట్ ఉండల్ని వేలకు వేలు పైనుంచి దొర్లించి పందెం పెట్టేవారు. పిల్లలకన్నా పెద్దవాళ్లే ఎక్కువ అరిచేవారట.

గొలుసు_కొలత

అమ్మా, మంచి మాట చెప్పావు. మలుపు లోపలి అంచు ఎందుకు నిటారుగా ఉంటుందంటే, పైకెక్కే ఎత్తు లోపలికీ బయటికీ ఒకటే, నడిచే దూరం మాత్రం లోపల తక్కువ. ఘాట్‌లో హెయిర్‌పిన్ దగ్గర బస్సు డ్రైవరు వీలైనంత బయటి వైపు నుంచి తిప్పుకునేది దీనికే. లోపల పడితే ఇంజను మూలుగుతుంది.

మురళీ, ఎంత పొడుగు ముక్కని, ఏ గీత వెంబడి కొలిచారో చెప్పకుండా శాతం ఒక్కటీ చెప్తే నేనైతే ఆ కాయితం మీద సంతకం పెట్టను. కాంటన్‌ది 6 మీటర్ల లెక్క, బాల్డ్విన్‌ది 10 పైన, ఆ శాన్‌ఫ్రాన్సిస్కో వీధిది ఎంత ముక్కో ఆ అబ్బాయి చెప్పనేలేదు. మూడింటినీ ఒక వరసలో ఎలా నిలబెడతారు?

ఓరుగల్లు_పోరడు

మాస్టారూ, ఇంత కష్టమెందుకు, ఫోన్ల మట్టం చూసే యాప్ ఉంటది గదా. రోడ్డు మీద పెడితే డిగ్రీలు అదే చెప్తది.

గొలుసు_కొలత

చెప్తుంది. ఒక డిగ్రీ అటూ ఇటూ చెప్తుంది. 20 డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ తేడా అంటే రెండు శాతం తేడా. 20 అంటే 36.4 శాతం, 19 అంటే 34.4. ప్రపంచ రికార్డు ఎవరిదన్నది ఆ ఒక్క డిగ్రీలోనే తారుమారవుతుంది. పైగా ఫోను పొడుగు జానెడు, అది నీకు రోడ్డు వాలు చెప్పదు, కింద ఉన్న రాయి వాలు చెప్తుంది. కారు లోపల డాష్‌బోర్డు మీద పెట్టి చూస్తారు కొందరు, అది ఇంకా అన్యాయం. బండి వెనక్కి కుంగి ఉంటుంది కదా.

ఇంటర్నెట్‌లో దొరికే ఎత్తుల పటాలు కూడా ఇంతే. 10 మీటర్ల గడులున్న పటంలో 6.4 మీటర్ల ముక్క ఎక్కడ కనిపిస్తుంది? చుట్టుపక్కల చదునుతో కలిసి సగటైపోతుంది. విమానం నుంచి లేజర్‌తో కొలిచి చేసిన, మీటరు గడులున్న లైడార్ పటాలు అమెరికా సర్వే శాఖ ఉచితంగానే ఇస్తోంది. ముందు వాటిలో ఊరంతా జల్లెడ పట్టి, 25 శాతం దాటిన వీధుల జాబితా తీసుకుని, తర్వాత కాళ్లకి పని చెప్పడం పద్ధతి. మీ రూమ్మేట్ అనే ఆ దాగిన సందు ఉంటే అలాగే బయటపడాలి.

అక్కడికి వెళ్లాక మన మేస్త్రీ సామాను చాలు. మీటరు పొడుగు తిన్నటి పలక, దాని మీద రసమట్టం, ఒక టేపు. పలక ఒక కొస ఎగువన రోడ్డుకి ఆనించు, రెండో కొస మట్టం కుదిరేదాకా పైకి లేపు, ఆ కొస కింద ఖాళీ ఎన్ని సెంటీమీటర్లుంటే వాలు అన్ని శాతం. ఇంకే లెక్కా అక్కర్లేదు. ఆ కొసకి సూటిగా కింద రోడ్డు మీద గుర్తు పెట్టి, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టి మెట్లు మెట్లుగా పది సార్లు వేస్తే పది మీటర్లు. అన్నీ కూడి పదితో భాగించు. రోడ్డు మధ్యలోనే వేయాలి, బళ్లొస్తాయి కాబట్టి ఆదివారం పొద్దున్నే పోవాలి, ఒకడు కింద కాపలా ఉండాలి.

వన్‌టౌన్_పిల్ల

నాకో సందేహం. వీధి అంటే బండి పోవాల్సిందేనా? మా బెజవాడ వన్‌టౌన్‌లో, విద్యాధరపురం వైపు, మొగల్రాజపురంలో కొండ మీది ఇళ్లకి మెట్ల దారే వీధి. తలుపు నంబర్లుంటాయి, కరెంటు స్తంభాలుంటాయి, పోస్టుమాన్ ఎక్కి వస్తాడు. గ్యాస్ బండ భుజాన వేసుకుని ఎక్కే అబ్బాయిని అడిగితే ఏది నిటారో పలక లేకుండానే చెప్తాడు. కింద నించి పైకి నీళ్ల బిందె మోసినవాళ్లని అడిగినా చెప్తారు. మా అమ్మమ్మ వాళ్ల వీధిలో ఒక చోట మెట్టు మోకాలెత్తు ఉంటుంది, ఒక చోట బెత్తెడే. ఎవరిల్లు వాళ్లు కట్టుకున్నప్పుడు ఎవరి ముందు మెట్టు వాళ్లు వేసుకున్నారు మరి.

మెట్లని లెక్కలోకి తీసుకుంటే మీ కాంటన్‌లూ బాల్డ్విన్‌లూ మా దగ్గర నిలవవు!

సైకిల్‌పిచ్చోడు

ఇది సరదాగా అడిగారో ఏమో గానీ పిట్స్‌బర్గ్‌లో ఇది నిజంగానే తేలని తగాదా. ఊళ్లో 700 పైగా మెట్ల దారులున్నాయి. వాటిలో కొన్నింటికి వీధి పేరుంది, నగరపాలక పటంలో వీధిగానే ఉంటాయి, వెళ్లి చూస్తే మొత్తం మెట్లే. పైన ఇళ్లు, కింద నది ఒడ్డున ఉక్కు మిల్లులు. షిఫ్టుకి కార్మికులు దిగీ ఎక్కీ వెళ్లడానికి కట్టినవి. ఈ ఊరు కొండల మీద కట్టిందని అంటారు గానీ నిజానికి ఇదంతా ఒకప్పుడు ఎత్తయిన పీఠభూమి. అలిఘెనీ, మొనోంగహీలా, వాటి వాగులూ కోసుకుంటూ పోగా మిగిలినవే ఇప్పుడు మనం కొండలంటున్నవి. అందుకే పైకి ఎక్కేశాక ఎటు చూసినా కొండ తలలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో కనిపిస్తాయి. నిటారంతా పక్కలదే.

నా ఓటు మాత్రం చక్రం వెళ్లే వీధికే. మెట్లకి వేరే పోటీ పెట్టుకుందాం.

ఓరుగల్లు_పోరడు

ఆ మెట్ల వీధుల ముచ్చట నాకెర్కే. కొత్తల వచ్చినప్పుడు రాత్రి పూట ఫోన్ల దారి వెట్టుకుని దోస్తు ఇంటికి పోతున్న. కుడికి తిరుగు అన్నది, తిర్గబోయి చూస్తే ముంగట రోడ్డు లేదు, రెయిలింగూ మెట్లూ. ఇంకో రెండడుగులైతే బండితోని దిగుతుంటి. అప్పటి సంది సౌత్ సైడ్ స్లోప్స్‌ల కుడి అంటే ముందు అద్దం దించి చూస్త.

బెజవాడ చెల్లె, 2024 వానలకు మొగల్రాజపురంల కొండచరియ పడి జనం పోయిన్రు గదా. మీ అమ్మమ్మోళ్లు మంచిగున్నరా?

వన్‌టౌన్_పిల్ల

అడిగినందుకు థ్యాంక్స్ అన్నా. వాళ్లు వేరే పక్క, ఏమీ కాలేదు. కానీ ఆ ఆగస్టు చివర నించి వాన గట్టిగా పట్టిందంటే అమ్మమ్మని కిందికి పిన్ని వాళ్లింటికి దింపేస్తున్నాం. ఆవిడ తిడుతూనే దిగుతుంది.

గొలుసు_కొలత

మంచి పని చేస్తున్నారమ్మా. వాలు ఎక్కువైన చోట నీరు దిగే దారి మూసుకుపోతే మట్టి నిలవదు. పిట్స్‌బర్గ్ కూడా కొండచరియలకి పేరుపడ్డ ఊరే, 2018లో అక్కడ హైవే ముక్క ఒకటి కిందికి జారిపోయింది.

మూడునదుల_మురళి

ఆదివారం వెళ్లొచ్చాం, నేనూ రూమ్మేటూ. రసమట్టం హార్డ్‌వేర్ షాపులో కొన్నాం, పలక బదులు పుస్తకాల అర ఊడదీశాం.

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. ఫోను ఒక రాయి మీద పెడితే ఒక అంకె, పక్క రాయి మీద ఇంకో అంకె. పలక వేశాక కాస్త దారికొచ్చింది గానీ రాళ్లు కొన్ని కుంగి, కొన్ని లేచి ఉండటంతో దాని కొస ఎక్కడ ఆనించామన్న దాన్ని బట్టి సెంటీమీటర్లు మారిపోతున్నాయి. కింద కోస్ట్ అవెన్యూ నుంచి వస్తే మొదట ఏమీ అనిపించదు. నిటారు ముక్కలో అడుగు పెట్టగానే మడమ నేలకి ఆనడం మానేసింది. టేపు పట్టుకుని గొంతుక్కూర్చుంటే వెనక్కి పడబోయాను. రసమట్టం ఒకసారి చేతిలోంచి జారితే రూమ్మేట్ కింద పట్టుకోవాల్సొచ్చింది. పది మీటర్లు పూర్తి చేయలేదు, ఎందుకంటే మధ్యలో ఒక పెద్దావిడ కిటికీ తీసి, ఏం చేస్తున్నారని అడిగి, మేం చెప్పింది విని, "మా వీధి తగ్గిందని మాత్రం రాయకండి" అని కాఫీ ఇచ్చింది. అరగంట పోయింది. తర్వాత బళ్లు మొదలయ్యాయి.

సగం కొలతలు ఇక్కడ పెట్టను, మాస్టారు తిడతారు. రూమ్మేట్ మాత్రం దాగిన సందు ఉందనే ఇంకా అంటున్నాడు. వాడికి లైడార్ పటం దించే పని అప్పగించాను.

గొలుసు_కొలత

తిట్టను గానీ ఈసారి పలక బదులు మేస్త్రీల నీళ్ల ట్యూబు పట్టుకెళ్లండి. పది మీటర్ల ట్యూబులో రంగు నీళ్లు పోసి, పై కొస ఒకడు, కింది కొస ఒకడు కర్రకి కట్టి పట్టుకుంటే రాళ్ల ఎగుడుదిగుళ్లతో పని లేదు. ఎత్తు తేడా మూడు మీటర్లు దాటుతుంది కాబట్టి ఒకే దెబ్బలో రాదు, రెండు ముక్కలు చేయండి. కాఫీ ముందే తాగి వెళ్లండి.

సైకిల్‌పిచ్చోడు

నాన్నగారు నవంబర్ చివర దాకా ఉంటే ఇంకా మంచి సంగతి ఉంది. డర్టీ డజన్ సైకిల్ పందెం ఉంటుంది, 1983 నుంచి జరుగుతోంది. చాలా ఏళ్లు థ్యాంక్స్‌గివింగ్ మరుసటి శనివారమే పెట్టేవారు, ఈసారి తేదీ ఎప్పుడో ముందు చూసుకోండి. పేరు డజనే గానీ ఎక్కేవి 13 కొండలు, కాంటన్ అందులో ఒకటి. కాలు కింద పెట్టకుండా ఎక్కాలి. పెడితే మళ్లీ మొదటికి దిగి రావాల్సిందే. ముందు చక్రం లేవకుండా ముందుకు వంగితే వెనక చక్రం పట్టు తప్పుతుంది, వెనక్కి జరిగితే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. రాళ్ల మీద తడి ఆకులుంటే మాటే లేదు, ఒకడు పడ్డాడంటే వెనక వచ్చేవాళ్లంతా వరసగా పడతారు. రెండు వైపులా జనం నిలబడి అరుస్తుంటారు, పడబోయేవాణ్ని వీపు మీద చెయ్యేసి నిలబెడతారు కూడా.

మూడునదుల_మురళి

డిసెంబర్ దాకా ఉంటారు, తప్పకుండా తీసుకొస్తాను. అమ్మ మాత్రం ఈ అప్పులూ డౌన్లూ నాకొద్దు, పెన్ హిల్స్ వెంకన్న గుడికి తీసుకెళ్లు చాలు అంటోంది.

సైకిల్‌పిచ్చోడు

అమ్మగారిని గుడి అయ్యాక డుకేన్ ఇన్‌క్లైన్ ఎక్కించండి, కొండ పక్కన పట్టాల మీద తాడుతో లాగే పెట్టె బండి అది. 1877 నాటిది, కూర్చునే ఎక్కొచ్చు. పక్కన మొనోంగహీలా ఇన్‌క్లైన్ ఇంకా పాతది, 1870. పై నుంచి మూడు నదులూ కలిసే చోటు కనిపిస్తుంది.

బేఏరియా_బుల్లోడు

మాస్టారూ, బ్రాడ్‌ఫర్డ్ దగ్గరికి నేనూ పలక పట్టుకుని వెళ్తున్నా ఈ వారం. పది మీటర్ల లెక్కలో ఎంతొచ్చినా ఇక్కడే పెడతా. 35 దాటితే డునెడిన్ ఆవిడ పార్టీ ఇవ్వాలి.

దక్షిణద్వీపం

దాటకపోతే? మధ్య గీత వెంబడే వేయండి, ఫొటోలు పెట్టండి.

నిర్వాహకుడు

ఈ చర్చని "ఊళ్లు, దారులు" విభాగంలోకి మార్చాను. శాన్‌ఫ్రాన్సిస్కో కొలతలకి విడిగా చర్చ తెరవండి, ఇక్కడ పిట్స్‌బర్గ్ వరకే ఉంచుదాం. రోడ్డు మీద కొలిచేవాళ్లు దయచేసి రంగు జాకెట్లు వేసుకోండి, ఇద్దరికి తక్కువ వెళ్లకండి. మెట్ల వీధుల పోటీకి బెజవాడ నుంచి ఎంట్రీలు పంపేవాళ్లు వన్‌టౌన్_పిల్ల గారిని అడగండి, నియమాలు ఆవిడే రాస్తానన్నారు.